పిడికెడు ఇంటికొచ్చిన రోజు

పాలు తీసే పంపు ఆగాక కూడా ఆమె కాసేపు కుర్చీలోంచి లేవలేదు. సీసాలో పాలు నిన్నటి గీత దాటాయి. తల్లుల గదిలో గోడవారగా ప్లాస్టిక్ కుర్చీలు, ప్రతి కుర్చీలో ఒక ఆడమనిషి, ప్రతి ఒళ్ళోనూ గుర్రుమంటున్న చిన్న మోటారు. కొత్తవాళ్ళెవరైనా తలుపు తీస్తే, ఏదో కుట్టుమిషన్ల కార్ఖానాలోకి వచ్చామనుకుని వెనక్కి పోవాల్సిందే. ఇక్కడ పేర్లు పనిచేయవు. కవలలామె, కిటికీ పక్కామె, ఏడుపామె. ఈమె మాత్రం కౌంటరమ్మ. సూపర్‌మార్కెట్‌లో బిల్లులు కొట్టే పని అని మొదటివారంలో నోరు జారింది, అంతే, పేరు అతుక్కుపోయింది.

"ఏం కౌంటరమ్మా, సరుకు సర్దుకున్నావా? ఇవాళతో నీ బిల్లు క్లోజ్," అంది పెద్ద సిస్టర్ సీసా అందుకుంటూ.

"సర్దుకున్నా సిస్టర్. వాపసు తీసుకోబడదని బోర్డు పెట్టండి మరి. లేకపోతే మళ్ళీ తెచ్చేస్తా."

"తెచ్చి చూడు, కాళ్ళు విరగ్గొడతా." సిస్టర్ నవ్వుతూనే కళ్ళు ఒత్తుకుంది.

పాపకి ఇంకా పేరు పెట్టలేదు. వార్డులో అందరికీ పిడికెడు. పుట్టినప్పుడు నిజంగానే అంతే ఉంది. బొటనవేలంత పాదం, లోపలి నరాలన్నీ కనబడే చర్మం, ముఖంలో సగం గొట్టాలే. ఆమె రోజూ చేత్తో ఎత్తి స్కాన్ చేసే పంచదార ప్యాకెట్టు ఇంతకంటే బరువు. కౌంటర్ దగ్గర నిలబడి ఎవరిదో నెల సరుకు కొడుతుండగానే నడుములో నొప్పి మొదలైంది. ఆరోనెల దాటి ఎన్నో రోజులు కాలేదు. గ్యాస్ అయుంటుందిలే అనుకుని ఆ బిల్లు పూర్తిచేసింది. "సంచీ కావాలా సార్?" అని కూడా అడిగింది. ఆ తర్వాతే కూలబడింది. తర్వాత గుర్తొచ్చినప్పుడల్లా నవ్వొచ్చేది. తన బతుకంతా ఇంతే. ఏం ముంచుకొచ్చినా, ముందు లైన్లో ఉన్నవాళ్ళని పంపించాలి.

ఆ తర్వాత నెలలకి నెలలు ఇక్కడే. గాజుపెట్టెకున్న గుండ్రటి కన్నంలోంచి చెయ్యి పెట్టి ఒక్క వేలు పాప అరచేతిలో ఉంచడం, వార్డు బయట బెంచీ మీద కునుకు తీయడం, పొద్దున్నే బరువు ఎంతో అడగడం. ఒక పూట పెరిగేది, మర్నాడు తగ్గేది. పెరిగినప్పుడల్లా భర్తకి మెసేజ్ పెట్టేది. అతను బొటనవేలు బొమ్మ పంపేవాడు.

అతనిది నీళ్ళ డబ్బాల పని. వ్యాన్లో పెద్ద డబ్బాలు వేసుకుని ఇంటింటికీ, ఆఫీసాఫీసుకీ వెయ్యడం. వాళ్ళ సూపర్‌మార్కెట్‌కీ అతనే వేసేవాడు. అక్కడే పరిచయం. భుజం మీద అంత బరువు పెట్టుకుని, దారికి అడ్డమున్న పిల్లల్ని "జరగండి సార్, జరగండి" అని మర్యాదగా అడిగేవాడు. ఆ మర్యాదకే పడిపోయింది ఆమె. ఆసుపత్రికి మాత్రం గేటు దాకానే వచ్చేవాడు. ఉతికిన బట్టలు ఇచ్చి, విడిచిన బట్టలు తీసుకుని పోయేవాడు. "లోపలికొచ్చి చూడు ఒకసారి," అంటే, "ఆ గొట్టాలు నేను చూళ్ళేను," అనేవాడు. మెత్తటి మనిషి పాపం అనుకునేది.

ఆమెని బాధపెట్టింది మిగతావాళ్ళు. కింది పోర్షన్ పిన్ని, పక్క కౌంటర్ పిల్ల, వీధిలో అంతమంది, మొదట్లో రోజూ ఫోన్ చేసినవాళ్ళు ఉన్నట్టుండి మానేశారు. కష్టం ఎక్కువరోజులు సాగితే జనానికి విసుగొస్తుందేమో అని సరిపెట్టుకుంది. ఇవాళ పాపనెత్తుకుని వీధి మధ్యలోంచి నడిచిపోవాలని ఎప్పుడో అనుకుంది. ఒక్కొక్కళ్ళ మొహం చూడాలి.

మధ్యాహ్నం ఎండ చిరచిరలాడే వేళకి అతను వ్యాను తెచ్చాడు. డబ్బాలన్నీ దించేసి వెనకంతా కడిగాడు. పాప మొహం మీది గుడ్డ కొంచెం తొలగించి చూపించింది. చూశాడు. ఎవరి గుమ్మంలోనో తెలియని చంటిపిల్లని చూసినట్టు, పలకరింపుగా నవ్వాడు.

"వెనక సందులోంచి పోదాం," అన్నాడు వ్యాను వాళ్ళ వీధి దగ్గరికి రాగానే.

"ఎందుకు? ముందునుంచే పోదాం. అందరూ చూడాలి నా కూతుర్ని."

"అదే వద్దంటున్నా. అందరూ మీద పడిపోతారు. ఇన్‌ఫెక్షన్."

ఆ మాట అతని నోట వినడం అదే మొదటిసారి. నేర్చుకున్నాడే అని మురిసిపోయింది కూడా.

వెనక సందులో ఏసీల నీళ్ళు బొట్లుబొట్లుగా కారుతున్నాయి. ఇనప మెట్లు ఎక్కి వంటింటి తలుపులోంచి ఇంట్లోకి వచ్చారు. ఇల్లు శుభ్రంగా ఉంది. మంచం మీద కొత్త దుప్పటి. కిటికీ పక్కన ఉయ్యాల ఉండాల్సిన చోట మాత్రం ఖాళీగా, నేల మీద దాని కాళ్ళు ఆనిన మచ్చలు.

"ఉయ్యాలేది?"

"కాలు ఊడితే బాగుచేయడానికిచ్చా. వస్తుందిలే." అప్పటికే చెప్పులేసుకున్నాడు. "ఇంకా నాలుగు ఇళ్ళకి వెయ్యాలి. తలుపేసుకో. ఎవరొచ్చినా తియ్యకు."

అతను వెళ్ళాక రెండు దిండ్లు అటూఇటూ పెట్టి పాపని మధ్యలో పడుకోబెట్టింది. దొర్లే వయసూ కాదు, దొర్లే ఒళ్ళూ కాదు, అయినా పెట్టింది. వార్డులో యంత్రాల చప్పుడు మధ్య పెరిగిన పిల్లకి నిశ్శబ్దం నచ్చినట్టు లేదు. నూనె లేని తలుపులా సన్నగా కీచుమంది. కాసేపటికే ముందు తలుపు చప్పుడైంది.

కింది పోర్షన్ పిన్ని. తలుపు తియ్యగానే ఆమె చేతులు రెండూ పట్టేసుకుంది.

"ఎప్పుడొచ్చావే తల్లీ? ఎంత చిక్కిపోయావే! నేనే వద్దామనుకున్నా, మీ ఆయనే వద్దన్నాడు. అక్క దగ్గరుంది, ఎవరితోనూ మాట్లాడట్లేదు, ఫోన్లు కూడా చెయ్యకండి అన్నాడు." అంటూ భుజం మీదుగా మంచం వైపు చూసి ఆగిపోయింది. "ఎవరి పాపే?"

ఆమె నవ్వింది. "ఎవరి పాపేంటి పిన్నీ, మా..."

"తెచ్చుకున్నారా!" పిన్ని గుండెల మీద చెయ్యి వేసుకుంది. "దత్తత తెచ్చుకున్నారా! ఎంత మంచి పని చేశారే. పోయిన బిడ్డ ఎలాగూ తిరిగిరాదు. ఇల్లు చీకటి కాకుండా ఇంకో బిడ్డ వచ్చింది. నీ మనసు పెద్దదే అమ్మా."

మిషన్ తప్పు లెక్క చూపించినప్పుడు కస్టమర్ ముందు గాభరా పడకూడదు. ముందు తెర వైపు సరిగ్గా చూడాలి. పనిలో చేరిన కొత్తలో నేర్పిన మొదటి పాఠం అది. ఆమె తెర వైపు చూసింది.

"ఏ రోజు పిన్నీ? ఆయన మీకు చెప్పింది?"

"తలుచుకోకులే ఇప్పుడు. అదే, పెద్ద వాన పడి మన మెట్ల కింద నీళ్ళు నిలిచిన రోజు. డబ్బా మా వంటింట్లో దించి అక్కడే కూలబడ్డాడు. పోయింది పిన్నీ అన్నాడు. మగాడు అలా ఏడవడం నేను చూళ్ళేదు. ఉయ్యాల కూడా మా అమ్మాయికే ఇచ్చేశాడు, కళ్ళెదురుగా ఉంటే చూళ్ళేకపోతున్నా తీసుకుపొమ్మని." పాప మీదికి వంగి చూసింది. "కానీ విచిత్రం చూడు, వచ్చి పూట కాలేదు, అప్పుడే మీ ఆయన గడ్డం తెచ్చేసుకుంది! దొంగముండ!"

పిన్ని వెళ్ళాక ఆమె ఫోన్ తీసింది. ఆ వాన ఆమెకీ గుర్తుంది. పాప ఊపిరితిత్తుల్లో రక్తం పడిన రోజు. వార్డు అద్దాల మీద నీళ్ళు ధారలు కడుతుంటే, గాజుపెట్టె పక్కన స్టూలు మీద కూర్చుని మెసేజ్ పెట్టింది: "డాక్టర్ చూద్దాం అన్నారు." దాని కింద అతని జవాబు లేదు. పైకి జరిపితే అంతకుముందు రోజులవి కనబడ్డాయి. తిన్నదా? కళ్ళు తెరిచిందా? నన్నడిగిందా? ఆ వాన తర్వాత నుంచి, ఆమె ఎంత పొడుగు మెసేజ్ పెట్టినా, కిందన ఒక బొటనవేలు. పేజీల కొద్దీ బొటనవేళ్ళు.

తను పాలు పిండుకుంటూ, బరువులు అడుగుతూ, ఒక్కో మెట్టూ ఎక్కుతున్నన్ని రోజులూ ఈ వీధిలో తన కూతురు లేదు. పోయింది. అందరూ ఏడ్చేశారు, ఊరుకున్నారు కూడా.

సాయంత్రం అతను వచ్చేసరికి ఆమె మంచం అంచున కూర్చుని ఉంది.

"ఎవరైనా వచ్చారా?"

"కింది పిన్ని. దత్తత తెచ్చుకున్నామని సంతోషపడి వెళ్ళింది."

అతను గుమ్మం దగ్గరే, చెప్పులు విప్పకుండా నేల మీద కూర్చున్నాడు.

"ఆ రోజు డాక్టర్ చేతులెత్తేశాడు. నువ్వే మెసేజ్ పెట్టావ్."

"చూద్దాం అన్నారని పెట్టాను."

"చూద్దాం అంటే అంతేగా?"

"చూద్దాం అంటే చూద్దామని."

"నీకు తెలీదు," అన్నాడు తల పట్టుకుని. "నువ్వు ఒక్కచోట కూర్చున్నావ్. నేను రోజూ ఎన్ని గుమ్మాలెక్కుతానో తెలుసా? ఎక్కడికెళ్ళినా అదే. పాపెలా ఉంది? పాపెలా ఉంది? భుజం మీద డబ్బాతో మెట్లెక్కి రొప్పుతుంటే, దించకముందే అడుగుతారు. అలాగే ఉందండీ, అలాగే ఉందండీ. ఎన్నిసార్లని అంటాను? ఆ రోజింక వల్లకాలేదు. పోయింది అనేశా. అన్నాక..." ఆగాడు. "అన్నాక ప్రాణం కుదుటపడింది."

"మర్నాడు బతికే ఉందిగా."

"మర్నాడు ఎవరూ అడగలేదు."

నిజం చెప్పాలంటే, అప్పటికి కూడా ఆమె కొంచెం అతని వైపే ఉంది. ఆ మెట్లు ఆమెకీ తెలుసు. గర్భంతో ఉన్నప్పుడు ప్రతి కస్టమరూ "ఎన్నో నెల?" అని అడిగితే, విసుగొచ్చి ఒకామెకి తొమ్మిదని చెప్పేసింది తనే. నోరు అలిసిపోతుంది. కాదనదు.

"సరే," అంది. "జరిగిందేదో జరిగింది. లే. పాపనెత్తుకుని ఇద్దరం కిందికి పోదాం. పిన్నితో మొదలుపెడదాం. నా కూతురే, నేనే తప్పు చెప్పాను అని ఒక్క మాట అను. తిడితే తిడతారు, నవ్వితే నవ్వుతారు. నేను పక్కనుంటా."

అతను ఆమె వైపు చూడలేదు. గోడ వైపు చూస్తూ, ముందే అనుకున్న మాటలా చెప్పాడు.

"పిన్ని అనుకున్నది బానే ఉందిగా."

"ఏది?"

"అదే. దత్తత." గొంతు తగ్గించాడు. "అలాగే ఉండనిద్దాం. మనకి తెలుసుగా మన పాపేనని. అందరూ నన్ను పట్టుకుని ఏడ్చారే. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని చెప్పను? రేపు ఒక్కడైనా నాతో నీళ్ళు వేయించుకుంటాడా?"

"పెద్దయ్యాక దానికేం చెబుతాం?"

"అప్పుడు చూద్దాం."

ఈసారి ఆ మాటకి అర్థం ఆమెకీ తెలిసింది.

కోపం వస్తుందనుకుంది, రాలేదు. ఒక్కటి మాత్రం తేల్చుకోవాలనిపించింది.

"ఒకసారి ఎత్తుకో," అంది. "ఎత్తుకుని, మొహంలోకి చూసి, ఈ మాటే మళ్ళీ చెప్పు. అప్పుడు ఒప్పుకుంటా. వెళ్ళి చేతులు కడుక్కుని రా. మోచేతుల దాకా."

అతను చటుక్కున లేచాడు. అక్కడినుంచి వెళ్ళడానికి ఒక పని దొరికినందుకే అంత తొందర. స్నానాల గది తలుపు పడింది, కుళాయి తిరిగింది. ఆమె బీరువాలోంచి ఉతికిన తువ్వాలు తీసి, పాప కాళ్ళ దగ్గర మంచం మీద పెట్టింది.

నీళ్ళ చప్పుడు వింటూ కూర్చుంది. చేతులు కడగడానికి ఎంతసేపు పడుతుందో ఆమెకంటే బాగా ఎవరికి తెలుసు? ఆ సేపు అయిపోయింది. ఇంకోసారి కడిగేంత సేపూ అయిపోయింది. ధార కింద చేతులుంటే నీళ్ళ చప్పుడు విరుగుతూ ఉంటుంది. ఇది విరగట్లేదు. కుళాయిలోంచి సూటిగా బకెట్‌లోకి, బకెట్ నిండి నేల మీదికి, ఒకే చప్పుడు.

లోపల కడుక్కోవట్లేదు. నిలబడ్డాడు.

ఆసుపత్రి సంచీ ఇంకా విప్పలేదు, మళ్ళీ సర్దే పని లేదు. భుజానికి తగిలించుకుంది. పాపని చొక్కా లోపల, చర్మానికి ఆనించి, వార్డులో నేర్పినట్టు గుడ్డతో కట్టుకుంది. పిడికెడు ఒక్కసారి ముక్కు ముడిచి, చప్పుడు దొరికిన దానిలా ఆమె గుండెకి చెవి ఆనించి ఊరుకుంది. ముందు తలుపు తీసి, ముందు మెట్ల మీదుగా దిగింది.

సాయంత్రం కదా, అందరూ గుమ్మాల్లోనే ఉన్నారు. పిన్ని లేచి ఎదురొచ్చింది.

"ఇప్పుడేగా వచ్చావ్, ఎక్కడికే మళ్ళీ?"

"అక్క దగ్గరికి పిన్నీ." ఆగింది. పిన్ని వెనకున్న ఇద్దరు ముగ్గురికి కూడా వినబడేలా చెప్పింది. "ఇది దత్తత కాదు. నేనే కన్నాను. పోలేదు. ఒక్కరోజు కూడా పోలేదు."

పిన్ని నోరు తెరిచి, మేడ వైపు చూసింది. ఆమె చూడలేదు. వీధి మధ్యలోంచి, తొందర లేకుండా, ఒక చెయ్యి పాప వీపుకి ఆన్చి నడిచింది. అనుకున్నట్టే అందరూ చూశారు. ఎవరి మొహమూ ఆమెకి చూడాలనిపించలేదు.

మేడ మీద కుళాయి చాలాసేపటికి ఆగింది. అతను మోచేతుల నుంచి నీళ్ళు కారుతుండగా, దేనికీ తగలకుండా చేతులు రెండూ ఎత్తిపట్టుకుని గదిలోకి వచ్చాడు. దిండ్ల మధ్య దుప్పటి మీద ముడత కూడా లేదు, అంత తేలికైన పిల్ల. మంచం చివర, అతనికి అందేలా, తువ్వాలు మాత్రం మడత విప్పకుండా పొడిగా ఉంది.