ఇసుక ఆరేదాకా

మా నాన్న నలభై ఏళ్లుగా తాపీమేస్త్రి. పెరట్లో నా కూతురి ఉయ్యాల కింద నేలకు ఏం వేద్దామని ఆయన్ని అడగడం నాదే బుద్ధితక్కువ.

"సిమెంటు. వందేళ్లు చెక్కుచెదరదు," అన్నాడు.

"నేల సంగతి సరే నాన్నా, పిల్ల పళ్ల సంగతి చూడు," అన్నాను.

కంకరైతే మోకాళ్లు చీరేస్తుంది. రబ్బరు పలకలు ఎండలో పెట్టి చూస్తే అరికాళ్లు చుర్రుమన్నాయి. వారం రోజులు వాదించుకున్నాక, జానెడు మందం ఇసుకకు ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాడే గాని, చెయ్యి ఊరుకుంటుందా? ఇసుకను చెక్కబద్దతో సమంగా లాగి, తాపీతో నున్నగా రుద్ది, మట్టం చూసి, చుట్టూ తాడు కట్టాడు.

"తొక్కావంటే ఊరుకోను," అన్నాడు మనవరాలితో.

నాకు ఒళ్లు మండింది. నేను నోరు తెరిచేలోపే, అరగంటగా చెప్పులు చేత పట్టుకుని తాడు అవతల నిలబడ్డ పిల్ల అడిగింది.

"తాతయ్యా, ఇది ఎప్పుడు ఆరుతుంది?"

నాన్న చేతిలో తాపీ వంక చూసుకున్నాడు. తాడు విప్పాడు. చెప్పులు విడిచి, అంత నున్నగా చేసిన నేలను, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, తనే తొక్కి పాడుచేశాడు.