సన్మానానికి చేపల పులుసు

“రేపు నీ సన్మానానికి నలభై మంది వస్తున్నారు. పులుసు కాస్త ఎక్కువ పెట్టు.”

శుక్రవారం మధ్యాహ్నం పెరటి కుళాయి దగ్గర చేపలు తోముతున్న లేయమ్మతో ఆ మాట అనేసి, భర్త బెన్యామీను గారు లోపలికి పోయి ఫ్యాను కింద కూర్చున్నారు. లేయమ్మ చేతిలోంచి చేప జారి బకెట్లో పడింది. చచ్చిన చేపకైనా జారుకునే వీలుంది, తనకే లేదనుకుంది. రేపు శాలువా ఇస్తారట గాని, సెలవు మాత్రం ఇవ్వరట.

చేపలు తెచ్చిన చిట్టెమ్మ ఖాళీ తట్ట పక్కన పెట్టి, మెట్టు మీద కూలబడింది.

“పొలుసున్నవే ఏరి తెచ్చినాను, సూసుకో. రొయ్యలొద్దంతావు, పీతలొద్దంతావు. మీ దేవుడు సముద్రంలో సగం సరుకు వాపసు పంపేసినాడేటమ్మా?”

“పంపేశాడే. మాకు పొలుసు లేందే పులుసు లేదు.”

“ఇన్ని సేపలెందుకూ? రేపు పెళ్ళా ఏటి?”

“నాకు సన్మానం. ‘సమాజ మాత’ అని బిరుదిస్తారట.”

చిట్టెమ్మ నోరు తెరిచింది. “సన్మానం నీకైతే సేపలు నువ్వు తోముకోడమేటి? పెళ్ళికూతురు పీటల మీంచి లేసెల్లి వడ్డన సేత్తాదేటి?”

లేయమ్మ నవ్వేసింది. నవ్వు అయిపోయాక ఆ మాట మాత్రం చేపముల్లులా గొంతులో ఉండిపోయింది.

బందరు వైపు నుంచి ఉక్కు ఫ్యాక్టరీ ఉద్యోగాలకని వచ్చి దువ్వాడలో స్థిరపడిన యూదుల కుటుంబాలు గుప్పెడే. యూదులంటే యాదవులా అని అడిగినవాళ్ళున్నారు, డిసెంబరులో కేకు ఏదమ్మా అని అడిగినవాళ్ళూ ఉన్నారు. ఆ గుప్పెడు మందికీ ప్రార్థన ఇల్లు లేయమ్మ ముందుగదే. కాబట్టి ప్రార్థన గదిలో, మిగతాదంతా లేయమ్మ నెత్తిన. పురిటికి ఆవిడే, పెళ్ళికి ఆవిడే, ఆడవాళ్ళెవరైనా పోతే కడసారి స్నానం చేయించేదీ ఆవిడే. మాత అన్నారు గాని, ‘మోత’ అంటే ఇంకా సరిపోయేది. ఇన్నేళ్ళూ ఉక్కు మొగుడిది, ఉక్కపోత పెళ్ళానిది. ఉక్కుకి రిటైర్మెంటు వచ్చి ఆయన ఇంటికొచ్చేశారు, ఉక్కపోతకే ఇంకా ఎక్స్‌టెన్షను నడుస్తోంది. ఆవిడ పేరులోనే ఏదో శకునం ఉంది. లేయమ్మ, లేయమ్మా, లే అమ్మా. పుట్టిన్నాటి నుంచీ లెమ్మన్నవాళ్ళే గాని, కూర్చోమ్మా అన్నవాళ్ళు లేరు.

శుక్రవారం పొద్దుగూకింది మొదలు శనివారం పొద్దుగూకేదాకా సబ్బాతు. అంటే విశ్రాంతి. పొయ్యి వెలిగించకూడదు, పని ముట్టుకోకూడదు. అందుకని శుక్రవారమే రెండు రోజుల వంట, రెండు రోజుల ఇల్లు తుడుపు, రెండు రోజుల అంట్లు. ఆయనకు సబ్బాతు, ఆవిడకు సబ్బుతో. కాపురానికొచ్చిన కొత్తలో ఓసారి ఆ ఆజ్ఞను బెన్యామీను గారు పైకి చదువుతుంటే చెవి ఒగ్గి విన్నది. ఆ రోజు కొడుకు పని చేయకూడదు, కూతురు చేయకూడదు, పనివాడూ పనిమనిషీ చేయకూడదు, ఎద్దూ గాడిదా కూడా చేయకూడదు, ఇంటికొచ్చిన పరాయివాడు సైతం చేయకూడదు. ఎంత వెతికినా పెళ్ళాం ఊసు లేదు. “మరి మేమో?” అని తలుపుచాటు నుంచి అడిగితే మామగారు గడ్డం నిమురుకుని నవ్వారు. “పెళ్ళామంటే మొగుడిలో సగం కదమ్మా, వేరే చెప్పాలా?” ఆ లెక్కన ఒక సగం పడక్కుర్చీలో విశ్రాంతి తీసుకుంటుంటే, రెండో సగం గంజి వారుస్తూ వచ్చింది.

ఈసారి ఆవిడ కోరింది ఒక్కటే. తల్లి హన్నమ్మ పోయిన తిథి ఈ సబ్బాతునాడే పడింది. ఏటా ఆ రోజు పదిమంది మగవాళ్ళు చేరితే పోయినవారి కోసం ప్రార్థన చేస్తారు, అందులో తల్లి పేరు చదువుతారు. ఆ పేరును లేయమ్మ ఇంతవరకూ చెవులారా వినలేదు. సరిగ్గా ఆ వేళకే ఎవరో ఒకరు “లేయమ్మా, విస్తళ్ళు!” అనేవారు. హన్నమ్మ కూడా అలాగే, ఎప్పుడూ వంటింటి గుమ్మం దగ్గర నిలబడే తినేది. ఆవిడ కూర్చోగా చూసిన గుర్తే లేదు కూతురికి.

“ఈ సబ్బాతుకి వంటా వడ్డనా ఇంకెవరికైనా అప్పగించండి. నేను ముందుగదిలో కూర్చుంటాను, అమ్మ పేరు వింటాను,” అంది మొన్న.

“బయటి వంట మన నియమానికి పడదు గదా,” అన్నారు ఆయన. “పైగా నీ చేతి రుచి ఎవరికొస్తుంది చెప్పు?”

“అమ్మా, నువ్వసలు కంగారుపడకు. మేమంతా చూసుకుంటాం,” అన్నాడు కొడుకు యోవేలు. చూసుకుంటూనే ఉన్నాడు. ఇప్పుడు కూడా ముందుగదిలో ‘సమాజ మాత’ బ్యానరు వంకర పోయిందా లేదా అని తల ఒకసారి ఇటూ, ఒకసారి అటూ వంచి చూసుకుంటున్నాడు.

చిట్టెమ్మ తట్ట నెత్తికెత్తుకుని వెళ్ళిపోయింది. లేయమ్మ చింతపండు నానబెట్టింది, బియ్యం కడిగింది, పొయ్యి దగ్గరికి వెళ్ళి అగ్గిపెట్టె తీసింది. మోకాళ్ళు చురుక్కుమన్నాయి. చేతిలో అగ్గిపుల్ల ఉంది. పోయిన అత్తగారి గొంతు చెవిలో వినపడింది: “శుక్రవారం దీపం ముట్టించిన ఆడదానికి ఆ క్షణంలోనే సబ్బాతు వచ్చేస్తుంది, ఇక పొయ్యి ముట్టుకోకూడదు. మగాళ్ళకి పొద్దుగూకితే గాని రాదు. కాబట్టి ఆఖరి గిన్నె కడిగేదాకా దీపం జోలికెళ్ళకు.”

ఇన్నేళ్ళూ ఆ మాటలో చివరి ముక్కే వింది. ఇవాళ మొదటి ముక్క వినపడింది.

చేతులు రుద్ది రుద్ది కడుక్కుంది. నీచు వాసన పూర్తిగా పోలేదు, పోనీ అనుకుంది. రేపటికని ఇస్త్రీ చేయించిన పట్టుచీర కట్టుకుంది. ఎండ ఇంకా ఎదురింటి గోడ మీదే ఉంది. ముందుగదిలో తన దీపం ముట్టించి, కళ్ళు మూసుకుని, పెదవులు కదిపి, కుర్చీలో కూర్చుంది. బ్యానరు కింద, రేపటికని వేసిన కుర్చీలోనే.

బెన్యామీను గారు కళ్ళజోడు సర్దుకున్నారు. “ఇదేంటి, అప్పుడేనా? పులుసు అయిపోయిందా?”

“లేదు.”

“అన్నం?”

“లేదండీ.”

“మరి దీపం ముట్టించేశావేంటి!”

“ఎండుండగా ముట్టించకూడదని ఎక్కడా లేదుగా. నాకు సబ్బాతు వచ్చేసింది.”

“అమ్మా, జోకులేస్తున్నావా? నలభై మంది వస్తున్నారు!” అన్నాడు యోవేలు.

“మీకింకా రాలేదుగా నాయనా. పొద్దుగూకడానికి బోలెడు టైముంది. బియ్యం కడిగాను, చింతపండు నానింది, చేపలు తోమాను. రేపు వడ్డన కూడా మీరే చూసుకోండి. చూసుకుంటామన్నారుగా.”

యోవేలు వంటింటి గుమ్మందాకా వెళ్ళి ఆగిపోయాడు. ఆ ఇంట్లో మగవాళ్ళకు పండితులు చెప్పే నియమం అడ్డం పెట్టుకోవడం తెలుసు గాని, నియమమే తమకు అడ్డం పడటం ఇదే మొదలు.

అప్పుడే కాలేజీలో పాఠాలు చెప్పి కోడలు ఆశాజ్యోతి వచ్చింది. భుజాన బ్యాగు అలాగే ఉంది. వెలుగుతున్న దీపాన్నీ, పట్టుచీరలో కూర్చున్న అత్తగారినీ, వంటింటి గుమ్మంలో పుట్టెడు దిగులుతో నిలబడ్డ మొగుణ్ణీ చూసింది. చెప్పులు విప్పింది.

“అమ్మయ్య, వచ్చావా!” అన్నాడు యోవేలు. “నువ్వన్నా కాస్త...”

ఆశాజ్యోతి చేతులు కడుక్కొచ్చి, అత్తగారి దీపం పక్కనే తన దీపమూ ముట్టించేసింది. కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది.

వంటింట్లో గిన్నెలు మోగాయి. “లేయమ్మా! నూనె ఎంత పొయ్యాలి?” అన్న కేక వినిపించింది. అలవాటైన కాళ్ళు ఓసారి లేవబోయాయి. లేయమ్మ వాటిని చీర కుచ్చిళ్ళ కింద సర్దుకుని, వెనక్కి ఆనుకుంది. కుర్చీకి వీపు ఉంటుందని ఇన్నేళ్ళూ గుర్తు లేదావిడకి.

కాసేపటికి ఘాటైన వాసన ముందుగదిలోకి వచ్చింది.

“అత్తయ్యా, ఉల్లిపాయలు మాడుతున్నాయి,” అంది ఆశాజ్యోతి.

“మాడనీ.”