తరవాణి తాగిన పిట్ట

చలికాలం రాగానే బాలాసోర్ చేపల బండి ఎక్కి సముద్రపు పిట్టలు ఖరగ్‌పూర్‌లో దిగేవి. బుట్టలు దించేదాకా గూడ్స్ యార్డులో తచ్చాడి, కడుపు నిండాక రైల్వే క్వార్టర్ల వెనక చెరువులో నీళ్లు తాగి, సాయంత్రానికి ఇళ్ల కప్పుల మీద వాలేవి. అప్పుడు వాటి కడుపుల్లో ఉండే క్రిములు సన్నగా జోల పాడేవి. వీధిలో పసిపిల్లలంతా ఆ పాటకే నిద్రపోయేవారు. తల్లులు నిశ్చింతగా వంట చూసుకునేవారు.

అరవై ఎనిమిదిలో చెరువు గట్టున రంగుల కంపెనీ వచ్చింది. ఏడాది తిరిగేసరికి చెరువు పూటకో రంగు. ఆ నీళ్లు తాగిన పిట్టల కడుపుల్లో మంచి క్రిములు చచ్చి మొండివి మిగిలాయి. జోల పోయి బూతులు మొదలయ్యాయి. యార్డు కూలీలు కూడా చెవులు మూసుకునేవారు. పిట్టలు రెట్ట వేసిన వాకిళ్లలో పిల్లలకి జ్వరాలు, విరేచనాలు పట్టుకున్నాయి. ఆస్పత్రి మందులకి ఆ మొండి క్రిములు లొంగలేదు. ఫిట్టర్ అప్పలకొండ కూతురు స్వర్ణకుమారి, నెలల పిల్ల, నిద్ర లేక, పాలు తాగక పుల్లలా అయిపోయింది.

పెద్దలు ఏం చేశారు? పక్కనున్న సాలువా క్యాంపు నుంచి తుపాకీ పోలీసుల్ని పిలిపించి పిట్టల్ని కాల్పించారు. చెరువులోకి రంగునీళ్లు వదిలే కంపెనీ గొట్టం మూయమనడానికి మాత్రం ఒక్కడికీ నోరు పెగల్లేదు. సిగ్గులేని జనం!

రెక్కకి గుండు తగిలిన పిట్ట ఒకటి అప్పలకొండ పెరట్లో పడింది. అతను కర్ర తీశాడు. భార్య హైమవతి అడ్డం వచ్చింది.

"సంపీకు మావా! దానికేటి తెలుసు? సెరువులో విషం పోసినోడు బంగళాలో కూసున్నాడు."

"మరేటి సేస్తావే దీన్ని?"

"తరవాణి పడతాను."

అత్తగారు శ్రీకాకుళం నుంచి తెచ్చిన తరవాణి కుండ అది. పులిసిన గంజినీళ్ల మీద రోజూ కొత్త గంజి పోయడమే తప్ప ఏనాడూ అడుగంటా ఖాళీ చెయ్యలేదు. హైమవతి దూదితో చుక్క చుక్క పట్టింది. పిట్ట కడుపు ఆమెను, ఆమె వంశాన్ని కలిపి తిట్టింది.

"తిట్టు తల్లీ. నాకూ తిట్టాలనే ఉంది," అంది హైమవతి.

కొన్నాళ్లకి తిట్లు గొణుగుడులోకి దిగాయి. తరవాణిలోని మంచి క్రిములు రాగం అందుకుంటే మొండివి తడబడుతూ కలిపాయి. ఊయల్లో స్వర్ణకుమారి ఒళ్లెరగకుండా నిద్రపోయింది. లేచేసరికి జ్వరం దిగింది. పాల కోసం గుక్కపెట్టి ఏడ్చింది.

హైమవతి కోపం మాత్రం దిగలేదు. పక్క వీధిలో రెండు ఊయలలు అప్పటికే ఖాళీ అయ్యాయి. ఆమె పిట్టని చంకనెట్టుకుని, చెంబుతో తరవాణి పట్టుకుని కంపెనీ గేటుకి నడిచింది.

"కీ చాయ్?" కసిరాడు దర్వాను.

"ఏటీ ఒద్దు దాదా. పాట వినిపించి పోతాను."

పిట్ట పాడింది. మొండివి కూడా కలిసిన ఈ జోలకి పెద్దలూ ఆగలేకపోయారు; రోజూ విన్న హైమవతికి మాత్రం అలవాటైపోయింది. దర్వాను స్టూలు మీదే ఒరిగిపోయాడు. లోపల రంగు తొట్ల దగ్గర ఎక్కడివాళ్లక్కడే కునికారు. చెయ్యి వేసేవాళ్లు లేక మిషన్లు ఆగాయి. యజమాని "ఉఠో, ఉఠో!" అని అరుచుకుంటూ వచ్చి, పెద్దగా ఆవలించి, మెట్ల మీదే కూలబడ్డాడు. చెరువులోకి పోయే గొట్టంలో ధార సన్నబడి, చుక్కలై, ఆగిపోయింది.

హైమవతి అతని పక్కనే కూర్చుని పిట్టకి ఇంకాస్త తరవాణి పట్టింది.

"పడుకో బాబూ," అంది. "మా సెరువు లేసినాక లేద్దువు గాని."