జాబితాలో లేని గడి

మూడు గంటలు నిలబడ్డాక ఒదెత్‌కి దీవుల రాజధాని నూమెయాలో ఓటర్ల ఆఫీసు కిటికీ అందింది. బడి వంటగదిలో గిన్నెలు తోమే పనికి ఆ పూట నాగా పడింది. ఆమె ముందున్న పెద్దమనిషి పాతికేళ్ల కిందట ఫ్రాన్సు నుంచి ఓడ దిగినవాడు. పాతికేళ్ల కరెంటు బిల్లులు వరసగా ఫైల్లో కుట్టి తెచ్చాడు. నాలుగు నిమిషాల్లో ఇక్కడివాడైపోయాడు. ఒదెత్ వాళ్లది మూడు వేల ఏళ్ల కాపురమే గాని, వాళ్ల దీవికి కరెంటు వచ్చింది మొన్నమొన్న.

ఈ దీవులు ఫ్రాన్సు కింద ఉండాలా, విడిపోవాలా అన్న ఓటుకి పేర్లెక్కించుకునే జాబితా అది. సాయంత్రం ఐదింటితో గడువు సరి.

గుమస్తా పిల్ల రెండు కాగితాలు పక్కపక్కన పెట్టింది. "పుట్టినప్పుడు ఒక ఇంటిపేరు, బళ్లో ఇంకో ఇంటిపేరు. ఇద్దరు మనుషులు, మేడమ్. ఒకావిడ పుట్టి మాయమైంది, ఇంకొకావిడ ఆరేళ్లప్పుడు ఊడిపడింది."

"ఇద్దరూ నేనే. మా మేనమామకి పిల్లల్లేరని మా అమ్మ నన్ను వాళ్లకిచ్చింది."

"దత్తత కాగితమేది?"

"కాగితమేంటమ్మా? బిడ్డనిచ్చిన రోజు చాపలు పెట్టాం, పెండలం గడ్డలు పెట్టాం, ఊరంతా తిన్నారు," అంది పక్కనున్న ముసలావిడ వాసినె. కన్నతల్లి ఆవిడే. మామ తండ్రయ్యాక తల్లి మేనత్తే కదా. ఒదెత్ ఆవిణ్ణి అత్తా అనే పిలుస్తుంది.

"తిన్నవాళ్ల సంతకాలున్నాయా?" గుమస్తా నవ్వింది. చెడ్డపిల్ల కాదు, తనకీ భోజనం కాలేదు. ఫారం ముందుకు తోసింది. "'తల్లి వదిలేసిన బిడ్డ' అని గడి ఉంది చూడండి. టిక్కు పెడితే రెండు పేర్లూ కలిసిపోతాయి, ఓటొచ్చేస్తుంది."

"ఏమంటోందే?" అంది వాసినె. ఆవిడకి ఫ్రెంచి అరకొరగానే వచ్చు.

"నువ్వు నన్ను వదిలేశావని రాయమంటోంది, అత్తా."

ముసలావిడ ఫారం ఒదెత్ వైపు జరిపింది. "రాసెయ్యి. నీ చాప నేనే అల్లాను, నాకు తెలీదా? ఓటు పోగొట్టుకోకు."

"తొందరగా కానీ అక్కా, నాకు పడవకి టైమైంది!" వెనకనుంచెవరో అరిచారు.

ఒదెత్ కలం తీసింది. గడి దగ్గర ఆగింది. కలం కింద పెట్టేసింది.

"ఇంకో గడి గియ్యి."

"ఏమని?"

"ఇచ్చిన బిడ్డ అని."

"అలాంటి గడి లేదు, మేడమ్."

"అందుకే గియ్యమంటున్నా."

గడియారం నాలుగూ నలభై చూపిస్తోంది. పడవ తొందరలో ఉన్న మనిషి ముందుకు తోసుకొచ్చాడు. "నన్నూ తాతకిచ్చేశారక్కా. ఆ పిల్లని కాస్త పెద్దగా గియ్యమను."

గుమస్తా ఫోను అందుకుంది. పై అధికారికో, కాపలావాడికో, వరసలో ఎవరికీ తెలియలేదు.