నుదుటికి రాసుకునే చెమట

మా గడ్డి మైదానాల్లో జరిగే రెండు రోజుల స్వారీ పందెంలో మా తమ్ముడు బదామ్‌దోర్జ్ అందరికన్నా ముందొచ్చాడు. ఆ గెలుపు మాట ఎవరైనా ఎత్తితే నేను ఇప్పటికీ లేచి వెళ్లిపోతాను.

గుర్రం నాది. దాని తల్లి మంచుకు చచ్చిపోతే మేకపాలు పట్టి పెంచాను. తమ్ముడు అడిగితే కాదనలేక ఇచ్చాను గానీ, దారి పొడవునా నీళ్లు పట్టమని మరీ మరీ చెప్పాను. వాడు తలూపాడు. మా వేసవి పండగ పందేలు ఒక్క పూట పరుగులు. వాటికి ముందు గుర్రాన్ని కట్టేసి, మేత తగ్గించి, నీళ్లు ఆపి, కడుపు లోపలికి పోయేలా చేస్తారు. మా నాన్న అలాగే గెలిచేవాడు. తమ్ముడు అదే పద్ధతి రెండు రోజుల స్వారీకీ పెట్టాడు. కడుపులో నీళ్లుంటే బరువని, బావి కనబడిన చోటల్లా పక్కనుంచి తోలుకొచ్చాడట.

గీత దాటగానే జనం ఎగబడ్డారు. గెలిచిన గుర్రం చెమట నుదుటికి రాసుకుంటే ఏడాదంతా కలిసొస్తుందని మావాళ్ల నమ్మకం. మండల పెద్ద పట్టు అంగీ చేతులు పైకి మడుచుకుని ముందు వరసలో నిలబడ్డాడు. తమ్ముడు చెమట గీసే చెక్క తీసి గుర్రం మెడ మీద లాగాడు. చుక్క రాలేదు. సున్నం గోడ గీకినట్టు ఉప్పు పొడి రాలింది.

నేను మెడ మీద చర్మం పట్టి వదిలాను. మడత అలాగే నిలబడిపోయింది. చిగుళ్లు ముట్టుకుంటే వేలు అతుక్కుంది. పరిగెత్తి బకెట్‌తో నీళ్లు తెచ్చాను. గుర్రం మూతి చాచింది. తమ్ముడు బకెట్ నా చేతిలోంచి లాక్కుని, ఆ మూతిని మోచేత్తో నెట్టి, నీళ్లన్నీ దాని మెడ మీద కుమ్మరించాడు.

"ఇప్పుడు రాసుకోండి," అన్నాడు.

చూస్తూ చూస్తూనే రాసుకున్నారు. మండల పెద్ద రెండు అరచేతులూ అద్ది నుదురు, చెంపలు, బట్టతల అంతా పులుముకున్నాడు. మురికి నీళ్లు ముక్కు మీదుగా పెదాలకు కారితే నాకి, మంచి ఉప్పగా ఉందన్నాడు. పక్కనే గుర్రం తన ముందుకాలి మీదికి జారిన తడిని నాకుతోంది.

అంతలో అది వెనక కాళ్లు ఎడం చేసి ముక్కింది. నల్లగా, మరిగి మరిగిన టీ డికాక్షన్‌లా కాసిని ఉచ్చ పడింది. జనం ముక్కులు మూసుకుని వెనక్కి జరిగారు. వాళ్లకు రోత పుట్టింది అప్పుడు.

"పగ్గం వదులక్కా. వేదిక చుట్టూ తిప్పాలి, గెలిచిన గుర్రానికి పొగడ్త పాడేవాడు కాచుక్కూర్చున్నాడు."

"కండ కరిగి ఉచ్చలో పోతోందిరా. అడుగు కదిపితే పడుద్ది."

"పెద్దాయన ముందు పరువు తియ్యకే."

"ఆయన మొహాన కారేది నా గుర్రం తాగాల్సిన నీళ్లురా. నీ పొగడ్త నువ్వే పాడించుకో, నువ్వే తిరుగు."

వాడు నిజంగానే వెళ్లి ఒక్కడే తిరిగాడు. నేను గుర్రాన్ని ఉన్నచోటే నిలబెట్టి, వీపున కంబళి కప్పి, కాసిని కాసినిగా ఉప్పు కలిపిన నీళ్లు పట్టాను. పొద్దు వాలాక తల వంచి గడ్డి కొరికింది. బతికింది.

అప్పుడొచ్చాడు తమ్ముడు, గెలుపు తాలూకు పులిసిన గుర్రప్పాలు గిన్నెనిండా పట్టుకుని. మాలో చేతికిచ్చిన గిన్నె తీసుకోకపోతే తెగతెంపులే. వాడు రెండు చేతులా చాచాడు. గోళ్లలో ఇంకా ఆ ఉప్పు ఉంది.

నేను తీసుకోలేదు.