తడవకూడని డబ్బా

తలగుడ్డను చుట్టకుదురుగా మడిచి నెత్తిన పెట్టుకుని, దాని మీద చాపచుట్ట ఎక్కించుకున్నాడు వస్నా. చుట్ట మధ్యలో గుప్పెడంత సినిమా డబ్బా ఉంది. వస్నాకి యాభై దాటాయి. మోసి మోసి మెడ భుజాల్లోకి దిగిపోయింది, నడినెత్తిన జుట్టు మొలవడం మానేసింది. దేశాన్ని ఏలుతున్న పోర్చుగీసులతో యుద్ధం మొదలైన ఈ ఎనిమిదేళ్లలో ఉప్పు మోశాడు, గుండ్లు మోశాడు, గాయపడ్డవాళ్లని మోశాడు. రెండేళ్లుగా ఈ డబ్బాలు మోస్తున్నాడు. తుపాకీ మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

"కామ్రేడ్, తడవనివ్వకు," అన్నాడు ఆద్రియాను. పక్కన ఇద్దరు గెరిల్లాలున్నారు కాబట్టి కామ్రేడ్. లేకపోతే "ఒరేయ్ ముసలోడా" అనేవాడు. అతను బిస్సావు పట్నంవాడు, క్యూబా వెళ్లి కెమెరా నేర్చుకొచ్చాడు. డబ్బా మూత మీద పోర్చుగీసులో ఏదో రాసి, చుట్టూ పట్టీ అంటించాడు.

"ఈ బొమ్మలు మేమెప్పుడు చూస్తాం?"

"మీకెందుకయ్యా? బయటి దేశాలవాళ్లు చూస్తే మందులొస్తాయి, తుపాకులొస్తాయి. నువ్వు మొయ్యి చాలు."

"మొయ్యక ఏం చేస్తాను? మా పిల్ల ఉంది అందులో."

అతని కూతురు క్వింతా అడవిలో చెట్ల కింద పిల్లలకి అక్షరాలు నేర్పేది. ఒక పొద్దంతా ఆద్రియాను ఆమెను సినిమా తీశాడు. నాలుగో రోజున పోర్చుగీసుల విమానం వచ్చి బడి మీద బాంబులు వేసింది. పాతిపెట్టడానికి కూడా ఏమీ దొరకలేదు. వస్నాకి కూతురంటూ మిగిలింది ఆ డబ్బాలోనే.

కెమెరాని పడవలో పెట్టడానికి భయపడి ఆద్రియాను గెరిల్లాలతో గట్టు మీదుగా చుట్టూ తిరిగి వెళ్లాడు. వస్నా ఒక్కడే ఏరు దాటుతున్నాడు. నడి ఏట్లో ఉండగా విమానం కిందికి దిగి కాల్చింది. పడవ బోల్తా పడింది. డొక్కలో ఏదో చురుక్కుమంది. చాపచుట్టని వదలకుండా ఈది ఒడ్డుకి చేరి, డొక్కకి తలగుడ్డ బిగించి కట్టుకున్నాడు.

డబ్బా ఊపితే లోపల నీళ్లు కదిలాయి. వస్నా పుట్టినప్పటినుంచీ ఉప్పుటేటి మళ్లలో వరి పండించినవాడు. తడిసిన విత్తనాలని ఆ పూటే ఎండబెట్టకపోతే కుళ్లిపోతాయి. అంతకన్నా గట్టిగా అతనికి తెలిసింది ఈ లోకంలో మరొకటి లేదు. పట్టీ పీకాడు. మూత మీద రాత ఉంది. అది చదివిపెట్టగల మనిషి లోపలే ఉంది.

లోపలి చుట్ట గోధుమరంగులో ఉంది, ఒక్క బొమ్మా లేదు. తడికి కనిపించడం లేదు, ఆరితే వస్తుంది అనుకున్నాడు. చేతులు గడ్డికి తుడుచుకుని, చాప పరిచి, దాని మీద ఫిల్ముని అటూ ఇటూ మళ్లించి పేర్చాడు. గాలికి లేవకుండా మలుపు మలుపుకీ ఒక ఆల్చిప్ప పెట్టాడు. ఉండి ఉండి వేలికొసలతో తిరగేశాడు.

"కాసేపు ఓర్చుకో తల్లీ," అన్నాడు.

పొద్దు వాలాక ఆద్రియాను వచ్చాడు. గెరిల్లాలు పక్కనే ఉన్నా ఈసారి కామ్రేడ్ అనలేదు.

"ఏం చేశావురా! వెలుగు తగిలితే చస్తుందిరా అది! మూత మీద రాశాను కదరా, గుడ్డి వెధవా!"

"తడవనివ్వకన్నావు. వెలుగు సంగతి చెప్పలేదు."

"బాంబు నీ కూతుర్ని ఒకసారే చంపింది. రెండోసారి నువ్వే చంపావు."

ఆ మాట అనకపోతే అతని సొమ్మేం పోయింది? రెండేళ్లు ఒకే దారిన నడిచారు. డబ్బాలో ఉన్నది ఎలాంటిదో, దానికి ఏది తగలకూడదో మోతవాడికి ఒక్కసారి చెబితే నోరు అరిగిపోతుందా?

వస్నా మడచెట్టు వేళ్లకి ఆనుకుని చాపకేసి చూస్తూ కూర్చున్నాడు. ఆద్రియాను డబ్బాని ఏట్లోకి తన్ని, ఇంకా చాలాసేపు తిట్టాడు. జవాబు రాకపోయేసరికి భుజం పట్టుకుని లాగాడు. వస్నా పక్కకి ఒరిగిపోయాడు. కూర్చున్న చోట బురద ఎర్రగా ఉంది.

శవాన్ని గెరిల్లాలే ఎత్తుకున్నారు. బరువుకి మధ్యలో రెండుసార్లు దించాల్సి వచ్చింది. ఆద్రియాను కెమెరా పట్టుకుని వెనకే నడిచాడు. ఫిల్ము ఇక ఎందుకూ పనికిరాదు కాబట్టి దాన్నెవరూ తీయలేదు. బురద చుక్కైనా అంటకుండా, ప్రతి మలుపులోనూ ఒక ఆల్చిప్పతో, అది చాప మీద పూర్తిగా ఆరి ఉంది.