పేర్లు లేని చొక్కాలు

ఇలా రా ట్రూడీ, కుర్చీ దగ్గరికి లాక్కో. ఈ గుండీ కుడుతుంటే ఒకటి గుర్తొచ్చింది.

మీ తాత కాజిమిర్ మా ఊరి ఫుట్‌బాల్ జట్టు సామాన్ల గది చూసేవాడు. ఆటగాళ్ళ చొక్కాలు సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చేవాడు. చిరుగులు కుట్టేదాన్నీ, వాటి వీపు మీద పేర్లు అతికించేదాన్నీ నేనే. పదకొండేళ్ళు, పైసా జీతం లేకుండా. "ఇంట్లో మిషనుందిగా, నీకేం కష్టం?" అనేవాడు. మా అత్తగారైతే, "వాళ్ళు ఎముకలు విరగ్గొట్టుకుంటారు, నువ్వు దారం తెంపుతావు, అంతేగా" అనేది. పొయ్యి మీద పియెరోగీ కుడుములు ఉడుకుతుంటే, కాళ్ళ దగ్గర మీ అమ్మ ఏడుస్తుంటే కుట్టాను. ఆదివారం టీవీలో మా జట్టు ఆటగాడు టిబ్స్ పరుగెడితే అందరూ అతని కాళ్ళు చూసేవాళ్ళు. నేను వీపు మీది అక్షరాలు వంకరపోయాయేమోనని చూసేదాన్ని.

సమ్మె జరిగిన ఏడు, సెప్టెంబరులో ఓ మధ్యాహ్నం సంచి మరీ బరువుగా వచ్చింది. ఒక్క చొక్కా చిరగలేదు. అనుమానమేసింది. అడుగున కాగితం, దాని మీద నలభై అయిదు పేర్లు, ఒక్కటీ నేనెరిగింది కాదు. ఆటగాళ్ళు సమ్మెకి దిగుతారని రేడియో చెబుతుంటే మీ తాత దాన్ని కట్టేశాడు.

"పాత పేర్లు విప్పేసి ఇవి కుట్టు. ఎవరితోనూ అనకు."

"ఎవరు వీళ్ళు?"

"సమ్మెలో వాళ్ళకి బదులు ఆడే కొత్తవాళ్ళు."

"మరి టిబ్స్? మొన్నేగా మన బల్ల దగ్గర రెండు పళ్ళేలు తిని వెళ్ళాడు! అతని పొట్ట కొట్టేందుకు నేను కుట్టనా?"

నవ్వాడు. "సమ్మె సంగతి నీకెందుకు బెర్నా? నువ్వేమన్నా ఉద్యోగివా? జీతాల పట్టీలో నీ పేరే లేదు."

నలభై అయిదు పేర్లు కుట్టమని తెచ్చిన మనిషి, నా పేరు లేదన్నాడు.

విప్పమన్నాడు, విప్పాను. టిబ్స్ అక్షరాలు బిస్కట్ డబ్బాలో దాచాను. చొక్కాలు చక్కగా మడిచి సంచిలో పెట్టాను. ఆయన పదకొండేళ్ళలో ఒక్కసారీ సంచి తెరిచి చూసుకోలేదుగా, అప్పుడూ చూసుకోలేదు.

సమ్మె మొదలైంది. ఒక ఆదివారం ఆటే లేదు. తర్వాతి ఆదివారం పొద్దున్నే ఫోను మోగింది, స్టేడియం నుంచి మీ తాత.

"వీపులన్నీ బోడిగా ఉన్నాయేమే! పేర్లేవి?"

"కుట్టలేదు."

"ఇప్పుడెవరు కుడతారు?"

"పట్టీలో చూడు, ఎవరున్నారో."

ఫోను పెట్టేశాను. బూట్లేసుకుని, వేడి సూపు గిన్నె పట్టుకుని, స్టేడియం గేటు ముందు సమ్మె చేస్తున్న టిబ్స్ వాళ్ళ పక్కన నిలబడ్డాను.

గుర్తుపెట్టుకో ట్రూడీ. రేపు నీ పిల్లలకి చెప్పేటప్పుడు మా అమ్మమ్మ అని ఊరుకోకు. బెర్నడీన్ అని పేరుతో చెప్పు.